ఉప్పు మరిచిన పులిహోర

మా అమ్మ సోమవారం రాత్రిపూట అన్నం తినేది కాదు. శివుడి కోసమేమో అనుకునేదాన్ని. కానీ శివరాత్రికి కూడా గుడి గడప తొక్కని మనిషికి ఈ సోమవారం పట్టుదల ఏమిటని పెద్దయ్యాక అనుమానం వచ్చింది. అడిగితే, "శివుడికి కాదు పాపా, శాస్త్రిగారికి" అంది.

1965 యుద్ధం రోజుల్లో ధాన్యానికి కటకటగా ఉంటే, వారానికి ఒక్క పూట భోజనం మానండని లాల్ బహదూర్ శాస్త్రి దేశాన్ని అడిగాడు. సోమవారం రాత్రి హోటళ్ళు కూడా మూసేసేవాళ్ళట. 1966 జనవరిలో ఆయన తాష్కెంట్‌లో పోయాడు. ఆ తర్వాత కటకట తీరింది, హోటళ్ళు తెరిచారు, జనం మర్చిపోయారు. మా అమ్మ మటుకు 2009లో పోయిందాకా సోమవారం రాత్రి ఒక గ్లాసు మజ్జిగతో పడుకుంది. "ఇంక చాలమ్మా" అంటే, "మానమని చెప్పినాయన మళ్ళీ తినమని చెప్పలేదు గదా" అనేది.

ఆమె సంగతి ఎప్పటికైనా రాయాలని అనుకుంటూనే ఉన్నాను. రాయించింది మాత్రం ఎక్కడో అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలో ఉన్న ఒక ఊరు.

పోయినేడాది వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఒమాహా వెళ్ళాను. డెన్వర్ కొండలు చూపిస్తానని అల్లుడు కారెక్కించాడు. నెబ్రాస్కా దారంతా మొక్కజొన్న చేలు, ఆకాశం, మళ్ళీ మొక్కజొన్న చేలు. నాలుగు గంటల పైన పోయాక నార్త్ ప్లాట్ అనే ఊరొచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద రైల్వే యార్డు ఇక్కడే ఉందనీ, ఎనిమిది మైళ్ళ పొడవనీ, ఎక్కి చూడ్డానికి టవరు కూడా కట్టారనీ చెప్పాడు. రైల్వే కాలనీలో పెరిగిన అత్తగారు సంతోషపడుతుందని పాపం. సంతోషపడ్డాను కూడా. టవరు మీంచి చూస్తే గూడ్సు బండ్లు చీమల బారుల్లా ఉన్నాయి. కానీ నన్ను కట్టి పడేసింది యార్డు కాదు, ఆ ఊరి మ్యూజియంలో గోడలకు తగిలించిన ఫొటోలు.

నలుపు తెలుపు ఫొటోలు. పొడవాటి బల్ల, దాని మీద శాండ్‌విచ్‌ల గుట్టలు, కాఫీ కప్పుల వరసలు. బల్లకు అటువైపు ఏప్రన్లు కట్టుకున్న ఆడవాళ్ళు, ఇటువైపు యూనిఫాంలో కుర్రాళ్ళు. కొందరికి ఇంకా నూనూగు మీసం కూడా రాలేదు. ఒక ఫొటోలో తలలు నెరిసినావిడ ఒక కుర్రాడి చేతిలో ఏదో పెడుతోంది. వాడు ఆమె మొహం చూడ్డం లేదు, చేతిలో ఉన్నదాన్ని చూస్తున్నాడు. ఆ చూపు నేను చూసిందే. 1971లో, బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద.

ముందు వాళ్ళ కథ చెబుతాను. చెప్పకపోతే మా కథ ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. పది రోజులకు నార్త్ ప్లాట్‌లో ఒక పుకారు పుట్టింది. నెబ్రాస్కా నేషనల్ గార్డులోని డి కంపెనీ కుర్రాళ్ళు, అంటే ఆ చుట్టుపక్కల పిల్లలే, ఆ దారిన రైల్లో పోతున్నారని. వందల మంది స్టేషనుకు పరుగెత్తారు. కేకులు, సిగరెట్లు, ఉత్తరాలు పట్టుకుని తల్లులు, అక్కచెల్లెళ్ళు, ప్రేమించిన పిల్లలు. బండి వచ్చింది. అదీ డి కంపెనీయే, కాకపోతే కాన్సస్ రాష్ట్రానిది. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఒక్క నిమిషం అందరూ అలా నిలబడిపోయారట. తర్వాత ఎవరో కిటికీలోంచి తన పొట్లం అందించారు. అది చూసి అందరూ తెచ్చినవన్నీ ఇచ్చేశారు.

ఆ గుంపులో రే విల్సన్ అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయి ఉంది, మందుల దుకాణంలో పని. తన తోబుట్టువును చూడ్డానికి వచ్చింది. చూడలేదు. ఇంటికెళ్ళి ఊరి పత్రికకు ఉత్తరం రాసింది. ఈ దారిన పోయే ప్రతి బండికీ మనం ఇలాగే చేస్తే ఏం, నేను ముందుంటాను అని. ఆ క్రిస్మస్ నాడే మొదలుపెట్టారు. ఒక హోటలులో సామాను దాచుకుని, బండి వచ్చినప్పుడల్లా మోసుకొచ్చేవాళ్ళు. యూనియన్ పసిఫిక్ రైల్వే ప్రెసిడెంటు విలియం జెఫర్స్ ఆ ఊళ్ళో పుట్టినవాడే. స్టేషన్లో ఖాళీగా ఉన్న భోజనశాల ఇచ్చేశాడు. అదే నార్త్ ప్లాట్ క్యాంటీన్. 1946 ఏప్రిల్ 1 దాకా ఒక్క రోజు మూయకుండా నడిపారు.

బండి ఆగేది పది పదిహేను నిమిషాలు. అదీ సిపాయిల కోసం కాదు. ఆవిరి ఇంజనుకు నీళ్ళు కావాలి, చక్రాలకు నూనె కావాలి. ఆ సందులోనే ఈ ఆడవాళ్ళు పని కానిచ్చేవాళ్ళు. కొన్ని రోజుల్లో ఇరవైకి పైగా బండ్లు, మూడు వేలు, ఐదు వేల మంది. యుద్ధం ముగిసేలోపు అరవై లక్షల మందికి పైగా తిని పోయారు. పన్నెండు వేల జనాభా ఉన్న ఊరు! చుట్టుపక్కల నూట పాతిక దాకా ఊళ్ళు వంతులు వేసుకున్నాయి. తమ వంతు రోజున ఒక్కో ఊరివాళ్ళు గుడ్లు, కోళ్ళు, రొట్టెలు, పాలు కార్లలో నింపుకుని వచ్చేవాళ్ళు. పంచదార, కాఫీ, పెట్రోలు, అన్నీ రేషనే. ఇంట్లో పిల్లలకు కేకు మానేసి, ఆ పంచదార కూపన్లు ఇక్కడికి తెచ్చేవాళ్ళు. పుట్టినరోజు అని చెప్పిన ప్రతి కుర్రాడికీ ఒక కేకు. నిజంగా పుట్టినరోజేనా అని ఎవరూ అడగలేదు. అరవై లక్షల మందిలో ఎంతమంది ఆ రోజే పుట్టుంటారో ఆ దేవుడికే తెలియాలి.

ప్రభుత్వం డబ్బు లేదు. ప్రెసిడెంటు రూజ్వెల్ట్ ఐదు డాలర్లు పంపించాడట. అంతే. ఒక చిన్న కుర్రాడు వేలంపాటల్లో తన ఒంటి మీది చొక్కా విప్పి అమ్మి, ఆ డబ్బు తెచ్చి ఇచ్చేవాడు. ఇంటికెళ్ళి మరో చొక్కా వేసుకుని మళ్ళీ అమ్మేవాడు.

మా బొరుగుల ఉండల్లాగే వాళ్ళకు పాప్‌కార్న్ ఉండలున్నాయి. వయసు పిల్లలు తమ పేరూ చిరునామా చీటీ మీద రాసి ఉండ లోపల పెట్టి చుట్టేవాళ్ళు. కొరికినవాడికి చీటీ దొరికేది. అలా మొదలైన ఉత్తరాలు పెళ్ళిపీటల దాకా వెళ్ళినవీ ఉన్నాయి. అది చదివి మా మనవరాలు "అమ్మమ్మా, దిస్ ఈజ్ లైక్ టిండర్" అంది. జంటలు కుదిర్చే ఫోన్ యాప్ అట, దానికి తెలిసిన పోలిక అది.

మరో సంగతి దగ్గర నేను ఆగిపోయాను. మిలిటరీ బండ్ల రాకపోకలు రహస్యం, బయటికి చెప్పకూడదు. అందుకని రైల్వేవాళ్ళ నుంచి కబురు అందగానే క్యాంటీన్ ఆడవాళ్ళు ఒకరికొకరు ఒకే మాట అనుకునేవాళ్ళట: "కాఫీ పొయ్యి మీద పెట్టాను." అంటే బండి వస్తోందని. చదివి పైకే నవ్వాను. మా కాలనీలో ఆ మాట "కాల్‌బాయ్ తలుపు కొట్టినాడు."

బిట్రగుంట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. నెల్లూరుకూ కావలికీ మధ్య, మద్రాసు - విజయవాడ లైను మీద ఉన్న ఊరు. చూడ్డానికి ఊరు, నిజానికి లోకోషెడ్డు. తెల్లవాళ్ళు కట్టిన బంగళాలు, చింతచెట్ల నీడన వరస క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వే క్లబ్బు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల ఇళ్ళ ముందు పూలకుండీలు. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు. ఏ ఎక్స్‌ప్రెస్ అయినా మా ఊళ్ళో ఆగాల్సిందే. ఊరి గొప్పతనం చూసి కాదు, ఇంజను మారాలి, బొగ్గు, నీళ్ళు కావాలి. కరెంటు ఇంజన్లు వచ్చిన తర్వాత ఆ అవసరం పోయింది, దాంతో పాటు ఊరి కళా పోయింది. ఇప్పుడు వెళితే ఆ బంగళాల గోడల్లోంచి రావిమొక్కలు పలకరిస్తాయి.

మా నాన్న షెడ్డులో ఫిట్టరు. పక్కిల్లు గార్డుగారిది, ఆ పక్కన ఆంగ్లో ఇండియన్ డ్రైవరుది. షెడ్డులో కాల్‌బాయ్ అని ఒకడుండేవాడు. పేరుకే బాయ్, యాభై ఏళ్ళుంటాయి. ఏ డ్రైవరు, ఏ ఫైర్‌మన్ ఏ బండికి ఎక్కాలో రాసిన పుస్తకం, చేతిలో లాంతరు పట్టుకుని అర్ధరాత్రి అపరాత్రి ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి లేపి సంతకం పెట్టించుకునేవాడు. ఆ పుస్తకంలో "మిలిటరీ స్పెషల్" అని ఉంటే, సంతకం పెట్టే మగమనిషి నిద్రమత్తులో చూశాడో లేదో గానీ, వెనకాల నిలబడ్డ ఆడమనిషి చూసేది.

1971లో నాకు తొమ్మిదేళ్ళు. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది కాందిశీకులు వచ్చి పడుతున్నారని రేడియో చెప్పేది. నవంబరు నుంచి ఉత్తరం వేయాలంటే మామూలు స్టాంపు కాకుండా ఐదు పైసల కాందిశీకుల స్టాంపు ఇంకొకటి అంటించాల్సి వచ్చింది. మద్రాసు వైపు నుంచి కలకత్తా వైపుకు మిలిటరీ బండ్లు పోతుండేవి. మూతపెట్టిన వ్యాగన్లు, గుడ్డలు కప్పిన బండి చక్రాలు, తర్వాత పెట్టెల నిండా మనుషులు. కిటికీల్లోంచి వాళ్ళు మమ్మల్ని చూస్తే మేము వాళ్ళని చూసేవాళ్ళం. అంతకుమించి ఏమీ లేదు.

ఒక రాత్రి డ్రైవరుగారి భార్య వచ్చి మా తలుపు కొట్టింది. ఆవిడను అందరం ఆంటీ అనేవాళ్ళం. తెలుగు బాగా వచ్చు, కాకపోతే అందరినీ నువ్వు అనేది, స్టేషన్ మాస్టరుతో సహా. "పొద్దున ఆరున్నరకు స్పెషల్. మొన్న వచ్చిన పిల్లలు ఉత్త టీ తాగి పోయినారు. నా వల్ల కాదు చూడ్డం" అంది అమ్మతో. అమ్మ లాంతరు పెద్దది చేసి బియ్యం డబ్బా మూత తీసి చూసింది. అదీ మా క్యాంటీను ప్రారంభోత్సవం.

గార్డుగారింటి పిన్ని లేచింది, మేము పిల్లలం ఆవిడను అలా పిలిచేవాళ్ళం. షంటింగ్ మాస్టరుగారి అమ్మ లేచింది, ఆ మామ్మకు అప్పటికే డెబ్బై ఏళ్ళు, నేనుంటే పొయ్యి ఆరదు అంటూ వచ్చి కూర్చుంది. ఇంటికి ఇంత అని బియ్యం పోశారు. నెల్లూరు మొలగొలుకులు సిపాయిలకు పెడితే మనమేం తినాలని ఒకాయన గొణిగాడు. ఆయన భార్య ఏమందో వినపడలేదు గానీ బస్తా మోసుకొచ్చింది మాత్రం ఆయనే. ఇన్‌స్టిట్యూట్ వెనక మూడు రాళ్ళు పెట్టి, పెళ్ళిళ్ళకు వాడే గుండిగ ఎక్కించారు. పొయ్యిలోకి షెడ్డు బొగ్గు. అది ఎలా వచ్చిందని నాన్నను ఎవరూ అడగలేదు, నాన్నా చెప్పలేదు.

చింతపండు నానబెట్టే టైము లేదు. గూడూరు నిమ్మకాయలు ఒక బుట్టెడు పిండారు. నిమ్మరసం పిండటం పిల్లల పని. నా వేళ్ళ మధ్య ఎక్కడో కోసుకుని ఉంది, ఆ మంట ఇప్పటికీ తెలుస్తుంది. ఆవాలు, వేరుశనగ గుళ్ళు, ఎండుమిరపకాయలు, కరివేపాకు తాలింపు పడగానే చీకట్లో ఆ వాసనకు షెడ్డులో రాత్రి డ్యూటీవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మామ్మ గరిటె ఎత్తి "మీకు కాదు పోండి" అని తరిమింది. విస్తరాకుల్లో పొట్లాలు కట్టి, వెదురు గంపల్లో పేర్చి, మీద తడిబట్ట కప్పారు.

బండి తెల్లవారుజామున మంచులోంచి వచ్చింది. తీరా అది ఆగాక మా ఆడవాళ్ళకు కాళ్ళు రాలేదు. ఏమని పిలవాలి? ఏ భాషలో? అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఒక పెట్టె ముందు నిలబడింది. సిపాయిలు కిటికీల్లోంచి చూస్తున్నారు, ఎవరూ చెయ్యి చాపడం లేదు. అప్పుడు ఒక సుబేదారు దిగాడు. మెలితిప్పిన మీసాలు, సగం నెరిసినవి. ఏదో అడిగాడు. ఎవరిచ్చింది పడితే అది తినకూడదని వాళ్ళకు ఉత్తర్వులుంటాయని ఆంటీ తర్వాత చెప్పింది. ఆవిడ హిందీలో ఏదో జవాబిచ్చింది. ఆయన అమ్మ గంపలోంచి ఒక పొట్లం తీసి, విప్పి, నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం అంతా ఆ దవడ కదలడం చూస్తోంది. మింగాడు. అమ్మ మొహంలోకి చూశాడు. "బహుత్ అచ్ఛా, మాతాజీ" అన్నాడు. చెయ్యి ఊపాడు.

అంతే. కిటికీల నిండా చేతులు. గంపలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో తెలియదు. ఆంటీ ఇంజను దగ్గరికి పోయి మొగుడి చేత వేడినీళ్ళు పట్టించుకుని బకెట్లో టీ కలిపింది. క్రిస్మస్‌కని దాచిన గులాబీపూల పిండివంట డబ్బా కూడా తెచ్చి వంచేసింది. మా పిల్లల పని చెంబులతో నీళ్ళు పోయడం. మద్రాసు రెజిమెంటువాళ్ళు కూడా ఉన్నారు అందులో. వాళ్ళు నేర్పారు మాకు, "వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు" అని అరవడం. దాని అర్థం తెలియకుండా ఏడాది పొడవునా ఆ కేకతోనే కబడ్డీ ఆడాం.

బండి పోయింది. అమ్మ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడి నవ్వుతోంది. మేము పిల్లలం ఇన్‌స్టిట్యూట్ వెనక్కి పరుగెత్తి గుండిగ అడుగున అంటుకున్నది గీక్కుని నోట్లో పెట్టుకున్నాం. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేనే వెళ్ళి చెప్పాను.

"అమ్మా, ఉప్పు లేదు."

అమ్మ నమ్మలేదు. వచ్చి వేలుతో తీసి నాలిక మీద పెట్టుకుంది. అలాగే నిలబడిపోయింది. పుల్లగా, కారంగా, కమ్మగా అన్నీ ఉన్నాయి. ఉప్పు ఒక్కటి లేదు. "ఎవురు గన్న బిడ్డలో, యుద్ధానికి పోతా పోతా అడగకుండానే చెయ్యి చాపినారు. ఉప్పు లేని కూడు పెట్టి పంపినాం గదా" అని అక్కడే కూర్చుని ఏడ్చింది. "ఆయన నోట్లో పెట్టుకుని గూడా ఒక్క మాట అనలా సూడు" అని మళ్ళీ ఏడ్చింది. ఎవరి పొరపాటు అని నాన్న అడిగితే "నాదే" అంది. ఆ వారమంతా మా ఇంట్లో కూరల్లో ఉప్పు కషాయమే.

తర్వాత ఇంకా ఏడెనిమిది బండ్లకు పెట్టాం. ఇక ఏ బండికీ ఉప్పు తగ్గలేదు. అమ్మ మూడుసార్లు రుచి చూసేది. అది చాలదన్నట్టు, పొట్లంలో చిటికెడు ఉప్పు కాగితంలో విడిగా మడిచి పెట్టేది. పెరుగన్నం, చపాతీలు, బెల్లం వేసిన వేరుశనగ ఉండలు, ఏది కుదిరితే అది. చపాతీలు మొదట్లో భూపటాల్లా వచ్చేవి. డిసెంబరులో ఒక బండిలో గోదావరి యాస ఉన్న ఒకబ్బాయి దొరికాడు. "ఏ ఊరు నాయనా" అంటే "మాధవరమండి" అన్నాడు. తాడేపల్లిగూడెం దగ్గరిది. ఆ ఊరిని మిలిటరీ మాధవరం అంటారని, అక్కడ ఇంటికొకరు సైన్యంలో ఉంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అమ్మకు ఆ పిల్లవాడు తెలుగు మాట్లాడటమే పండగ. వాడు ఒక ఇన్‌లాండ్ లెటరు ఇచ్చి డబ్బాలో వేయమన్నాడు. ఐదు పైసల స్టాంపు లేదు దాని మీద. జేబులు తడుముకుంటుంటే బండి కదిలింది. "నేనేస్తాలే, నువ్వు పో" అని అమ్మ బండి పక్కనే నడుస్తూ అరిచింది. మధ్యాహ్నం నన్ను పోస్టాఫీసుకు పంపింది. స్టాంపుకు ఉమ్మి తడి పెట్టబోతే కొట్టింది. నీళ్ళతో తడిపి, అరచేత్తో అద్ది, ఆరిందాకా చూసి అప్పుడు వేయనిచ్చింది.

డిసెంబరు 3న యుద్ధం మొదలయ్యాక కిటికీలకు నల్లకాగితాలు అంటించారు. విశాఖ దగ్గర పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరీన్ మునిగిందని వార్త వచ్చాక కాలనీలో మగవాళ్ళు అదేదో బిట్రగుంట చెరువులో మునిగినట్టే మాట్లాడారు. లాంతర్లన్నీ చిన్నవి చేయించారు సరే, షెడ్డులో ఇంజన్ల పొయ్యిల ఎర్రటి వెలుగు దాచడానికి మాత్రం ఎవరి దగ్గరా కాగితం లేకపోయింది. పదమూడు రోజులు. 16న ఢాకాలో లొంగిపోయారని రేడియో చెప్పింది. ఇన్‌స్టిట్యూట్‌లో మిఠాయిలు పంచారు.

తిరుగు బండ్లు కొన్ని వచ్చాయి. అమ్మ ప్రతిదానికీ వెళ్ళి కిటికీలు వెతికేది. సుబేదారు కనపడలేదు, మాధవరం అబ్బాయీ కనపడలేదు. కనపడనంత మాత్రాన ఏదో అయిందని కాదు. ఎన్ని బండ్లు, ఎన్ని దారులు! నాన్న అదే చెప్పాడు. అమ్మకు ఆ లెక్క ఎక్కలేదు.

నార్త్ ప్లాట్ మ్యూజియంలో నాకు అసూయ కలిగింది. ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. వాళ్ళకు ఫొటోలున్నాయి. ఏ రోజున ఏ ఊరు వంతో లెక్కలున్నాయి. పేర్లున్నాయి. ఆ రోజుల్లో ఒక కప్పు కాఫీ తాగిపోయిన ముసలాళ్ళు ఏభై అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఊరి పేరు చెబితే కళ్ళు తుడుచుకునేవాళ్ళట. అలాగని వాళ్ళూ అన్నీ కాపాడుకోలేదు లెండి. 1971లో ఆ ఊరికి ప్యాసింజరు బండ్లు ఆగిపోయాయి, 1973లో స్టేషనే పడగొట్టేశారు. మేము గుండిగ ఎక్కించిన ఏడాదే వాళ్ళ ప్లాట్‌ఫారం ఖాళీ అయిందన్నమాట. ఇప్పుడు అక్కడ ఒక గుర్తుగా చిన్న స్థలం ఉంది, అంతే. కానీ మనుషుల్లో పోలేదు. 2018లో ఆర్కన్సా నేషనల్ గార్డు సిపాయిలు ఏడొందల మంది దాకా బస్సుల్లో ఆ దారిన పోతుంటే, ఊరంతా మళ్ళీ బల్లలు వేసి, శాండ్‌విచ్‌లు చేసి, పుట్టినరోజు కేకులు కోసిందట.

మాకు ఒక్క ఫొటో లేదు. కాలనీలో కెమెరా ఉన్నది ఒక్క ఆంటీవాళ్ళింట్లోనే, ఆవిడకు ఆ రోజుల్లో చేతులు ఖాళీ లేవు. వాళ్ళు తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. మామ్మ 1974లో పోయింది. ఏడో ఎనిమిదో బండ్లు, కొన్ని వందల పొట్లాలు. అరవై లక్షల ముందు అది ఏ మూలకు? మ్యూజియం బయట బెంచీ మీద కూర్చుని ఇదే లెక్క వేసుకుంటుంటే మా అమ్మాయి "ఎవరైనా ఉన్నారామ్మా వాళ్ళలో" అని అడిగింది.

ఒక్కరే ఉన్నారు. గార్డుగారింటి పిన్ని. ఎనభై ఏడేళ్ళు. కావలిలో కొడుకు దగ్గర ఉంటుంది. ఒమాహా తిరిగొచ్చాక, అక్కడ పొద్దున్నయ్యే వేళ చూసి ఫోన్ చేశాను. చెవులు బాగానే వినపడతాయి. తనకు వినాలని ఉన్నవి.

నార్త్ ప్లాట్ కథంతా చెప్పాను. ఊఁ కొడుతూ విన్నది. చొక్కా అమ్మిన పిల్లవాడి దగ్గర నవ్వింది. పుట్టినరోజు కేకుల దగ్గర "తెలివిగల్లోళ్ళు, మనం గూడా అడగాల్సింది" అంది. తర్వాత నేను అసలు పని మొదలుపెట్టాను. ఆ రోజు పొయ్యి దగ్గర ఎవరెవరున్నారు పిన్నీ, పేర్లు చెప్పు, రాస్తాను అన్నాను. ఒక్కొక్కరే చెప్పింది. ఫలానా ఆమె అన్నం వార్చింది, ఫలానా ఆమె తాలింపు, పొట్లాలు కట్టింది ఇద్దరు, నిమ్మకాయలు మీరు పిలకాయలు. అన్నీ నిన్న జరిగినట్టే.

"మరి ఉప్పు అమ్మేనా?" అన్నాను, నవ్వించడానికి.

అటునుంచి మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"మీ అమ్మ నీళ్ళు తెచ్చేదానికి పోయింది" అంది పిన్ని చివరికి. "పోతా పోతా నా చేతిలో ఉప్పు గిన్నె పెట్టింది. అన్నం ఆరినాక కలుపు అనింది. ఇంతలో మా చిన్నోడు లేచి ఏడస్తా ఉండాడని ఎవురో పిలిస్తే, గిన్నె అట్నే కిటికీలో పెట్టి పోయినా. బండి ఎళ్ళిపోయినాక చూస్తే ఆ గిన్నె ఆడే ఉండాది."

"అమ్మకు తెలుసా?"

"తెలవక? కిటికీలో గిన్నె ఆమే తీసింది గదా. మీ నాయన అడిగితే నాదే అని చెప్పింది. నాకు అప్పుడు కొత్తగా కాపరం, మా అత్త ఎట్టాంటిదో మీ అమ్మకు తెలుసు. చచ్చిందాకా ఎవురికీ చెప్పలా. నేనూ అడగలా, ఆమే అనలా."

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. కావలిలో కాకులు అరవడం వినపడుతోంది.

"రాస్తావా ఇది?" అంది.

"రాస్తాను పిన్నీ."

"రాయి. ఆ మీసాలాయన మంచోడని గూడా రాయి. నా పేరు మటుకు రాయబాక, మా కోడలు చదవతాది."